ముప్పై ఆరుకి ముప్పై ఆరు

సోమవారం

నీళ్లు: నిన్నటి మిగులు పన్నెండు లీటర్లు, ఇవాళ వచ్చినవి నలభై. బియ్యం డబ్బాలో సగం. పొద్దుటి నుంచీ ఉప్పు గాలి ఎక్కువగా ఉంది కాబట్టి వడియాలు లోపలే, పంకా కింద ఆరబెట్టాను.

పొంతన బిళ్లలు వచ్చాయి. ఈసారి వార్డు ఎన్నికలకి కూడా పొంతన చూపించుకోని వాళ్లకి ఓటు లేదట. పొంతన అంటే ఒక యంత్రం, అరవై ప్రశ్నలు అడుగుతుంది. మన జవాబులూ అభ్యర్థుల జవాబులూ పక్కపక్కన పెట్టి, పెళ్లిళ్లకి చూసినట్టే ముప్పై ఆరుకి ఎన్ని గుణాలు కలిశాయో చెబుతుంది. పద్దెనిమిదికి తక్కువైతే ఆ అభ్యర్థి పేరు ఓటు తెర మీద మనకి కనిపించనే కనిపించదు. కలవని మనిషి పేరు చూసి మన మనసు పాడవకూడదని ఈ ఏర్పాటు.

బిళ్లని గోడ తెరకి ఆనిస్తే అది ప్రశ్నలు చదువుతుంది. మనం నోటితో జవాబు చెప్పాలి. మధ్యలో తుమ్మినా దగ్గినా మళ్లీ మొదటికే వస్తుంది.

ఎదురింటి సుభాషిణి తలుపు తట్టకుండానే లోపలికొచ్చి బల్ల మీద ఒక గుడ్డసంచీ బోర్లించింది. బిళ్లలు గలగలా పడ్డాయి.

“ఇవేమిటండీ?”

“మన అంతస్తు వాళ్లవన్నీ. మీరే నింపేయండి హైమగారూ. నేను పొద్దున్నుంచి మూడుసార్లు కూర్చున్నాను. ముప్పై రెండో ప్రశ్న దగ్గర దగ్గొచ్చింది. మళ్లీ మొదటి నుంచీ అడిగింది మాయదారిది.”

“ఎవరి జవాబులు వాళ్లు చెప్పుకోవాలి కదా.”

“ఆవకాయ మాత్రం ఎవరిది వాళ్లు కలుపుకుంటున్నారా? అంతస్తు మొత్తానికి మీరే కలపడం లేదూ? మీ చెయ్యి మంచిది. మీరు కలిపిన జాడీకి ఇంతవరకూ బూజు పట్టలేదు. దీనికి మాత్రం పడుతుందా?”

నాకు కాదనడం చాతకాలేదు. నా చేతికి ఆ పేరుంది, నిజమే.

తరువాత నూకాలు వచ్చింది. నూకాలు కింద రేవు అంతస్తులో ఉంటుంది. రోజూ పడవల దగ్గర చేపలు పట్టుకుని పాసింజరు ఎక్కి, ఒక్కో అంతస్తులో దిగి అమ్ముకుంటూ పైకి వస్తుంది. సముద్రంలో నిలబెట్టిన మా నిలువూరులో రెండు లిఫ్టులున్నాయి. పదేసి అంతస్తులకి ఒకసారి ఆగేదాన్ని మెయిలు అంటాం, ప్రతి అంతస్తులోనూ ఆగేదాన్ని పాసింజరు అంటాం. పై అంతస్తుల వాళ్లు చేపల్ని గొట్టంలో తెప్పించుకుంటారు. గొట్టంలో వచ్చిన చేప చేపలా ఉండదు, పచ్చడిలా ఉంటుంది.

నూకాలు తట్ట దించి, నడుంలోంచి తన బిళ్ల తీసి ఇచ్చింది. దాని మీద ఒక పొలుసు అంటుకుని ఉంది.

“నాదీ నొక్కీ అమ్మా. అది మాటాడతంటే పక్కింట్లో పెళ్లిమంత్రాలు సదువుతున్నట్టుంటాది. నాకేటి తెల్సు?”

“నీ అభిప్రాయం ఏమిటో చెప్పాలి కదే.”

“నా అభిప్రాయం నువ్వు బేగి గిన్నె తెమ్మని. పై అంతస్తులో బేరం ఉంది.”

చందువాలు రెండు తీసుకున్నాను. బిళ్ల కడిగి ఆరబెట్టాను.

బుధవారం

నీళ్ల మిగులు తొమ్మిది. బట్టలు ఉతికాను.

పొంతనలో సహాయకుల పద్ధతి అని ఒకటుంది. నోరు తిరగని వాళ్లకోసం ఇంకొకరు చేత్తో జవాబులు నొక్కవచ్చు. పని పద్ధతిగా మొదలుపెట్టాను. ముందు మూడిళ్లకి స్వయంగా వెళ్లి, ప్రశ్నలు మామూలు మాటల్లోకి మార్చి అడిగాను. మొదటింట్లో “మీకెలా తోస్తే అలా” అన్నారు. రెండో ఇంట్లో “మీరు ఏం పెట్టారో అదే పెట్టండి” అన్నారు. మూడో ఇంట్లో కాఫీ ఇచ్చారు.

కాబట్టి నా జవాబులు ముందుగా, జాగ్రత్తగా ఇచ్చాను. పన్నులు, నీళ్లు, బడులు అడిగాక పొంతన ఇంటి సంగతుల్లోకి దిగుతుంది. మనిషి రాజకీయం వంటింట్లో బయటపడుతుందని దాని నమ్మకం. ‘ఇంగువను మీరు ఏ స్థాయిలో సమర్థింతురు?’ అని అడిగింది. పూర్తిగా సమర్థిస్తాను అని నొక్కాను. ‘భోజనమునకు పిలిచినపుడు కుటుంబ సభ్యులు ఎన్నవ పిలుపునకు రావలెను?’ మొదటి పిలుపుకి.

నలభై ఒకటో ప్రశ్న వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ‘ప్రతి అంతస్తునందును ఆగు ఆరోహణ యంత్రమును కొనసాగింపవలెనా?’ కళ్లు మూతలు పడుతున్నాయి. పాసింజరు మా తలుపు పక్కనే ఆగుతుంది. సరిగ్గా అప్పుడే ఠంగుమని గంట కొట్టుకుంటూ ఆగింది. అక్కర్లేదు అని నొక్కాను.

అరవయ్యోది అయ్యాక కింద ఒక మీట కనిపించింది, ‘పై విధముగనే’ అని. ఒక బిళ్ల తీసి ఇంకో బిళ్ల ఆనించి అది నొక్కితే చాలు. సుభాషిణిది, పై విధముగనే. మా ఆయనది, పై విధముగనే. నూకాలుది, పై విధముగనే. సాయంత్రం దీపాలు వేసేలోపల మా అంతస్తు అయిపోయింది, ఒక్క తప్పు లేకుండా.

శుక్రవారం

వార్త పాకింది. పై నుంచీ కింద నుంచీ పాసింజరులో సంచులు దిగుతున్నాయి, చీటీలు కుట్టి: ‘హైమావతిగారికి, ఇరవై మూడో అంతస్తు. మీ చేతి మీదుగా.’ ఒక సంచీలో బిళ్లలతోపాటు అరటిపళ్లు కూడా పెట్టారు. వార్డు మొత్తం అయినట్టే. వేలు నొప్పి. కొబ్బరినూనె రాసుకున్నాను.

మంగళవారం

పొంతన ఫలితం చూసి నేనే నమ్మలేదు. అది ఓటర్లని కూడా ఒకరితో ఒకరిని పోల్చి చూస్తుందట. మా వార్డులో ప్రతి ఓటరుకీ ప్రతి ఓటరుతోనూ ముప్పై ఆరుకి ముప్పై ఆరు కలిశాయట! నిలువూరు చరిత్రలో ఇలాంటిది లేదన్నారు. సభాస్థలంలో ‘ఏకాభిప్రాయ వార్డు’ అని ఒక పతాకం ఇచ్చారు. అధికారి ఒకరు లేచి, ఇంతమంది ఒకే మనసుతో జీవించడం మానవజాతి కల అని మాట్లాడి కళ్లు తుడుచుకున్నారు. నేను వెనక వరసలో కూర్చుని చిక్కుళ్ల ఈనెలు తీసుకుంటున్నాను.

మానవజాతి సంగతి నాకు తెలియదుగానీ, అభ్యర్థులు మాత్రం రెండు రోజుల్లో మారిపోయారు. జవాబులు వాళ్లకి అందుతాయి కదా. ముప్పై ఆరు తెచ్చుకోవడానికి ముగ్గురూ పోటీ పడుతున్నారు. పొద్దున పొయ్యి వెలిగిస్తుంటే గోడ తెర మీద బంగార్రాజు ప్రత్యక్షమయ్యాడు. పాత సభ్యుడు. పోయినసారి వంతెన కడతానన్నవాడు.

“అమ్మా, పప్పులో పసుపు ఉడికేటప్పుడు వెయ్యాలా, ఉడికాక వెయ్యాలా అనే ప్రశ్న మీద మా పార్టీ వైఖరి మొదటి నుంచీ స్పష్టం. ఉడికేటప్పుడే.”

మధ్యాహ్నం యువనాయకుడు శశాంక్ వచ్చి, తడి తువ్వాలు మంచం మీద వెయ్యడాన్ని తీవ్రంగా ఖండించాడు. సాయంత్రం డాక్టర్ ఇందుమతి, మొదటి పిలుపుకే భోజనానికి రావడం పౌరుల కనీస బాధ్యత అన్నది.

మా ఆయన ఆటుపోటు పంపుల దగ్గర డ్యూటీ దిగి వచ్చి ఇదంతా వింటూ నిలబడ్డారు. చేతిలో తడి తువ్వాలు.

“ఇంట్లో ఒకరు చాలరా? ఇంకో ముగ్గుర్ని తెచ్చిపెట్టావు.”

“నేనేం చేశానండీ? ప్రజాభిప్రాయం అది.”

“నా బిళ్ల కూడా నువ్వే నొక్కావు కదూ?”

“మీరు పంపుల దగ్గర ఉన్నారు.”

ఆయన తువ్వాలు దండెం మీద వేశారు. ఇన్నేళ్ల కాపురంలో ఇదే మొదటిసారి. నాకు ఎన్నికలంటే ఇష్టం పుట్టింది.

గురువారం

నీళ్ల మిగులు రాయలేదు. మనసు బాగాలేదు.

పొద్దున పాసింజరు తలుపు మీద కాగితం అంటించారు. ముగ్గురు అభ్యర్థులూ ఒకే మాట ఇచ్చిన విషయాలకి చర్చ అక్కర్లేదట. ఓటింగు మర్నాడే అమలవుతాయట. మొదటి అంశం, పాసింజరు నిలుపుదల. ఆ ఖాళీ గదిని ప్రతి అంతస్తు వాళ్లూ మధ్యాహ్నం విశ్రాంతికి వాడుకోవచ్చునట. అది ఏ అంతస్తులో ఆగిపోతుందో మాత్రం రాయలేదు.

కాగితం చదువుతుండగానే నూకాలు దిగింది. తట్ట దించలేదు.

“అమ్మా, ఆ సహాయ కేంద్రానికెల్లొచ్చినాను. పాసింజరు తీసీకండి బాబూ అని అడిగినాను. ఏటన్నాదో తెల్సా ఆ యంత్రం? ‘నూకాలు గారూ, దీనిని తొలగింపవలెనని తమరే కోరితిరి’ అన్నాది.”

నేను కాగితం మీది మొదటి అంశం మళ్లీ చదివాను.

“నానే కోరినానంట. నా పొట్ట మీద నానే తన్నుకున్నానంట. నా పేరూ, నా ఫొటో, పక్కన ‘అక్కర్లేదు’ అని సూపించింది. నా యెనకాల నిలబడ్డోళ్లు నవ్వినారు.”

“నూకాలూ, అది నేనే నొక్కాను.”

“తెల్సు. బిళ్ల నీ సేతికే ఇచ్చేను కదా. ఎందుకు నొక్కేవని అడుగుతున్నాను.”

గంట మోగిందనీ, నిద్ర వస్తోందనీ ఆమె మొహం మీద చెప్పలేకపోయాను. చివరికి అదే చెప్పాను.

“నీ నిద్ర కోసం” అంది నూకాలు. ఆ మూడు మాటలే అంది. తరువాత తట్ట దించి, లోపల ఉన్న చేపల్ని నాకు చూపించింది, కొత్తగా చూస్తున్నదానికి చూపించినట్టు.

“ఇవి రోజూ ముప్పై అంతస్తులకి అమ్ముతాను. మెయిలు మూడు సోట్ల ఆగుతాది. మజ్జిలో మెట్లెక్కి ఈ తట్ట మొయ్యాలంటే నా మోకాళ్లు ఒల్లవు. అప్పుడేటి సెయ్యాలి? రేవులో గొట్టం కాంట్రాక్టరుకి ఆడు సెప్పిన దరకి పోసీసి, సేతులు కడుక్కుని, ఆడి దగ్గరే సేపలు కొయ్యడానికి కూలికెల్లాలి. ఆడు మా మరిదేనమ్మా. ఆడికింద కూలి సెయ్యడం కన్నా సముద్రంలో దూకీడం మేలు.”

“నేను మార్పిస్తాను.”

“మార్సు. అందాక నీకు సేప లేదు.”

సొరకాయ వండాను.

శుక్రవారం

సహాయ కేంద్రం అరవయ్యో అంతస్తులో ఉంది. మెయిలులో వెళ్లాను. అక్కడి అధికారిణి పేరు వైజయంతి. మర్యాదస్తురాలు, కుర్చీ వేయించింది.

“నలభై ఒకటో జవాబు వార్డు మొత్తానికీ మార్చాలమ్మా. పొరపాటున పడింది.”

“అందరికీ ఒకేసారి పొరపాటు పడిందా?”

“అందరిదీ ఒకే పొరపాటు.”

ఆవిడ తెర చూసుకుని, గొంతు తగ్గించింది. “ఇంత ఏకాభిప్రాయం ఉన్న వార్డు హఠాత్తుగా మనసు మార్చుకుంటే దాన్ని బయటి శక్తుల ప్రమేయం కింద రాస్తుంది పొంతన. మిమ్మల్ని ఎవరైనా బెదిరించారా?”

“చేపలు ఇవ్వనంది.”

ఆవిడ దాన్ని రాసుకోలేదు.

చివరికి దారి చెప్పింది. ఒకే చేతి మీదుగా మార్పు కుదరదు. ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని, ఎవరి నోటితో వాళ్లు, అరవై ప్రశ్నలకీ మళ్లీ జవాబు చెప్పాలి. పక్కనుంచి ఎవరైనా మాట అందిస్తే చెల్లదు. గడువు ఆదివారం సాయంత్రం.

శనివారం

నూకాలు షరతు పెట్టింది. “నాతో రా. ప్రతి గుమ్మంలోనూ నాను సేపలమ్ముకుంటాను. నువ్వు ఆళ్లని కూకోబెట్టు. కానీ నువ్వు నోరిప్పితే మళ్లీ అందరూ నీలాగే మాటాడతారు. అందుకని నోరు ముయ్యి.”

నోరు మూసుకోవడం నాకు అలవాటు లేని పని. కరక్కాయ ముక్క ఒకటి బుగ్గన పెట్టుకున్నాను. అది నోట్లో ఉంటే మాట రాదు, ఊరేది మింగుకోవడమే సరిపోతుంది.

మొదటి గుమ్మం సుభాషిణిదే. “అబ్బ, మళ్లీనా? మీరే నొక్కేయండి హైమగారూ.” నేను తల అడ్డంగా ఊపి కుర్చీ చూపించాను. గొంతు సవరించుకుని కూర్చుంది. ఇంగువ ప్రశ్న వచ్చింది.

“అస్సలు పడదు” అంది సుభాషిణి.

నేను తల తిప్పి చూశాను.

“ఏం చెయ్యమంటారు, నిజం చెప్పాలి కదా. మీ పులిహోర వచ్చినప్పుడల్లా మావారికి పెట్టేస్తాను. ఆయన పంపు గట్టు మీద పిచ్చుకలకి పెడతారు.”

బుగ్గన కరక్కాయ కరిగిపోతున్నా నేను మాట్లాడలేదు. పాసింజరు మాత్రం ఉండాలంది. వాళ్లమ్మ పదమూడో అంతస్తులో ఉంటుందట, రోజూ సాయంత్రం కూర తీసుకెళ్తుందట. ఇంత కాలం ఎదురెదురుగా ఉన్నాం, ఆవిడ చేతిలో గిన్నె ఎక్కడికి పోతోందో నేను అడగలేదు.

అలా గుమ్మం గుమ్మం తిరిగాం. రెండు కాళ్లూ లాగేశాయి. నా ఆవకాయలో ఉప్పెక్కువని ఇద్దరు చెప్పారు, పొంతనకి. ఒకావిడ తనకి మధ్యాహ్నం గంట మోగడమే ఇష్టమంది, లేకపోతే ఇంట్లో ఒక్కత్తికీ భయమేస్తుందట. ముప్పై ఒకటో అంతస్తులో అప్పలకొండ మాస్టారు మాత్రం నలభై ఒకటో ప్రశ్నకి నిటారుగా కూర్చుని, “అక్కర్లేదు. వాసన” అన్నారు.

గుమ్మంలో నూకాలు ఊరుకోలేదు. “మాస్టారూ, మరి ఆదివారం పీతలు ఎవరు తెత్తారు?”

“అది వేరు, ఇది వేరు.”

‘అన్యస్వరము వినిపించినది. మొదటి నుండి ప్రారంభింపుడు’ అంది పొంతన.

మాస్టారు పళ్లు కొరుక్కుంటూ అరవై ప్రశ్నలూ మళ్లీ చెప్పారు. నలభై ఒకటి దగ్గర ఈసారి ఇంకా గట్టిగా “అక్కర్లేదు” అన్నారు. బయటికొచ్చాక నూకాలు తట్ట ఎత్తుకుంటూ, “పీత ముక్క కూడా వెయ్యను” అంది. తరువాత పాసింజరులో, “ఆయన మాట ఆయన సెప్పుకున్నాడు, ఏటి సేస్తాం?” అని తనే అంది. దిగేటప్పుడు, “అయినా వెయ్యను” అంది.

ఆదివారం

మిగిలిన గుమ్మాలు అయ్యాయి. మా ఆయన కూడా కూర్చున్నారు. నేను వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. గోడ పలచన. తడి తువ్వాలు ఎక్కడ వెయ్యాలన్నది పూర్తిగా వ్యక్తిగత స్వేచ్ఛ అని ఆయన చెప్పిన మాట స్పష్టంగా వినిపించింది.

ఆఖరున నూకాలు. మా వసారాలోనే చేపలు తోముతూ చెప్పింది. ‘తమ ప్రాధాన్యములను తెలియజేయుడు’ అంది యంత్రం.

“ముందు నువ్వు తిన్నగా మాటాడు.”

‘జవాబు నమోదైనది.’

అలాగే అరవై. సూర్యుడు నీళ్లలోకి దిగే వేళకి అయింది. లెక్క వేస్తే, పాసింజరు ఉండాలన్న వాళ్లూ వద్దన్న వాళ్లూ ఇంచుమించు సమానం. నూకాలుతో ఆ మాట చెప్పలేదు. ఆమె అడగలేదు.

మంగళవారం

పతాకం వెనక్కి తీసుకుపోయారు. ఇప్పుడు మా వార్డులో ఎవరికీ ఎవరితోనూ పద్దెనిమిది కలవలేదు. మా ఆయనకీ నాకూ పదకొండు. అభ్యర్థులు కూడా కొత్త జవాబులు చూసి అందరికీ నచ్చేలా మారబోయి, ఎవరికీ కలవకుండా పోయారట. గోడ తెర మీద ఓటు జాబితా తెరిచి చూస్తే ఏ ఇంట్లోనూ ఏ అభ్యర్థి పేరూ లేదు, తెల్లగా ఉంది. సుభాషిణి పరుగెత్తుకొచ్చింది.

“హైమగారూ, పొంతన మనకి సంబంధాలు లేవంటోంది!”

ఇలాంటి చోట ఏం చెయ్యాలో ఒక పాత నిబంధన ఉందట. ఎవరూ వాడక, తీసెయ్యడం మరిచిపోయారు. పొంతన కుదరని వార్డులో గుణాల లెక్క ఉండదు, అందరి పేర్లూ కనిపిస్తాయి. ముగ్గురి ఉమ్మడి మాటలు కూడా రద్దు. అభ్యర్థులే స్వయంగా వచ్చి, గుమ్మం గుమ్మానికీ మొహం చూపించాలి.

గుమ్మం గుమ్మానికీ వెళ్లాలంటే మెయిలు పనికిరాదు. పాసింజరు ఎక్కాలి.

బుధవారం

బంగార్రాజు ముందుగా వచ్చాడు. చేపల వేళకే వచ్చాడు పాపం, ఆయనకి తెలియదు. నూకాలు తట్టతో ఒక మూల, నేను త్రాసు పట్టుకుని ఇంకో మూల. షరతు ఇంకా తీరలేదు కాబట్టి కరక్కాయతోనే ఉన్నాను.

ఇరవయ్యొకటో అంతస్తులో తలుపు తెరుచుకుంది. పాసింజరు ఉండాలని అరిచారు. “నా ప్రాణం పోయినా ఉంచుతాను” అన్నాడు బంగార్రాజు. ఇరవై రెండులో ఒకాయన ముక్కు మూసుకుని, ఈ కంపు ఎప్పుడు వదులుతుందన్నాడు. “రేపే ఆపిస్తాను” అన్నాడు. ఇరవై మూడులో తలుపు తెరుచుకోగానే నూకాలు తట్ట ఎత్తి కేక పెట్టింది.

“సందువాలు, వంజరాలు! ఇరవయ్యొకటిలో ఉంచుతానన్నాడు, ఇరవై రెండులో ఆపుతానన్నాడు, రొయ్యలు!”

“ఏయ్, ఎవరే నువ్వు?”

“ఓటర్ని బాబూ. రొయ్యలియ్యమన్నావా?”

ఇరవై నాలుగులో ఆయన ఆచితూచి, “ఈ విషయం పరిశీలనలో ఉంది” అన్నాడు. ఇరవై అయిదులో అదీ కేకలో చేరింది. ఇరవై ఆరు నుంచి ఆయన చేతులు జోడించడం తప్ప మాట్లాడలేదు.

శశాంక్ రెండో అంతస్తులోనే ముక్కు పట్టుకుని దిగిపోయి, మెట్ల దారిన వచ్చాడు. పదకొండులో కూలబడి, “మీకు ఏం కావాలో ఒక్కసారి నాకు పంపించండి, నేను అలా మారిపోతాను. ముందెప్పుడూ ఇలా లేదు” అని అడిగాడట. మంచినీళ్లు ఇచ్చి పంపించారు.

డాక్టర్ ఇందుమతి సాయంత్రం వచ్చింది. రేవు అంతస్తులోనే నూకాలు ఆమె మోకాలికి తట్ట ఆనేలా నిలబడింది. తలుపు తెరుచుకున్న ప్రతిచోటా ఆవిడ ఒకే మాట చెప్పింది: “పాసింజరు నడుస్తుంది. దానికయ్యే కరెంటు కోసం మెయిలు వేళలు తగ్గిస్తాను. పైవాళ్లు కాస్త ఆగాల్సి వస్తుంది.” ముప్పై ఒకటిలో మాస్టారు ఆవిణ్ణి నిలబెట్టి చీవాట్లు పెట్టారు. అంతా విని, మళ్లీ అదే చెప్పింది.

“ఈవిడ అన్ని అంతస్తుల్లోనూ ఒకటే సెప్తంది, రొయ్యలు!” అని కేకేసింది నూకాలు. అది పొగడ్తో తిట్టో ముప్పై రెండో అంతస్తు వాళ్లకి తెలియలేదు.

దిగేటప్పుడు నేను కరక్కాయ ఉమ్మేసి అడిగాను. “మీరు పోయినవారం పాసింజరు తీసేస్తానన్నారు కదమ్మా. మొదటి పిలుపుకే భోజనానికి రావాలనీ అన్నారు.”

“అప్పుడు మీ అందరికీ నచ్చాలని చూశాను. ఇప్పుడు ఎవరికీ నచ్చనని తెలిసిపోయింది. అందుకని నాకు తోచింది చెబుతున్నాను” అంది. చీర అంచుకి పొలుసులు. దులుపుకోలేదు, చూసుకోలేదేమో.

శుక్రవారం

ఓటింగు. పద్ధతి ప్రకారం వంట ముగించుకుని వెళ్లాను. వరసలో ముందూ వెనకా అందరూ నన్నే చూస్తున్నారు.

“ఎవరికెయ్యమంటారు హైమగారూ?” అంది సుభాషిణి, అలవాటు కొద్దీ.

నా నాలుక చివరిదాకా వచ్చింది. కరక్కాయ కూడా లేదు.

“మీ ఇష్టం.”

“అదేమిటండీ, అంత మాటన్నారు?” అని నొచ్చుకుంది. తరువాత నేను తెర ముందు నిలబడితే, మూడు పేర్లు, పక్కన అంకెలేమీ లేవు. ఎవరితో నాకెంత కలిసిందో ఎవరూ చెప్పలేదు. చాలాసేపు నిలబడ్డానేమో, వెనక నుంచి “పప్పు మాడుతుందమ్మా” అన్నారెవరో.

శనివారం

ఇందుమతి గెలిచింది. తేడా ఎంతంటే, ఒక్క అంతస్తు మనసు మార్చుకుని ఉంటే బంగార్రాజు గెలిచేవాడు. తలుపు మీది కాగితం చింపేశారు. పాసింజరు నడుస్తుంది.

నూకాలు వచ్చింది. తట్ట దించి, అడక్కుండానే నా గిన్నెలో వంజరం ముక్కలు వేసింది. షరతు తీరిందన్నమాట. నేను పుస్తకం తెచ్చుకుని కూర్చున్నాను. వార్డులో ఎవరెవరు ఎటు వేశారో గళ్లు గీసి పెట్టుకున్నాను, ఇంత తిరిగాక లెక్క తేలాలి కదా.

“నువ్వు ఇందుమతికే వేశావు కదే?”

“సెప్పను.”

“అయిపోయిందిగా. గెలిచింది కూడా.”

“గెలిసినా సెప్పను, ఓడినా సెప్పను.”

“నాకు కూడానా?”

“నీకైతే అసలే సెప్పను తల్లీ” అని నవ్వి, తట్ట నెత్తికెత్తుకుని పై అంతస్తుకి పోయింది.

సుభాషిణి కూడా చెప్పలేదు. కూర గిన్నె అడ్డం పెట్టుకుని నవ్వేసింది. మాస్టారు ఓటు రహస్యం మీద అరగంట పాఠం చెప్పి, జవాబు మాత్రం చెప్పలేదు. గళ్లన్నీ ఖాళీగా ఉన్నాయి.

భోజనానికి మా ఆయన మూడో పిలుపుకి వచ్చారు. ఎవరికి వేశారని అడిగాను. పులుసు బాగుందన్నారు. అన్నం వడ్డించి మళ్లీ అడిగాను. పెరుగు వెయ్యమన్నారు.